మన అవ్వల కంట్లో పొర ఎందుకొస్తుంది?

మే నెలలో పత్తికొండ, ఆలూరు, ఆస్పరి వైపు తిరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. పొద్దున ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటూ ఉంటుంది. ఉపాధి పనిలో గుంతలు తవ్వుతున్న గుంపులో సగంమంది ఆడవాళ్లు. తలకు తువ్వాలు, చేతిలో పార, పక్కన ఒక ప్లాస్టిక్ బిందె. అందులో అరవై దాటిన అవ్వ ఒకామె ఉంటుంది. మట్టి గంప ఎత్తగలదు కానీ సూదిలో దారం ఎక్కించలేదు. బియ్యంలో రాళ్లు ఏరలేదు. మసక చీకట్లో వాకిలి గడప కనబడక తట్టుకుని పడుతుంది. ఏమైందవ్వా అని అడిగితే, “కంట్లో పొర కమ్మింది నాయినా, వయసైపోయింది, మా రాత” అంటుంది.

ఆ జవాబులో మూడు మాటలున్నాయి. పొర, వయసు, రాత. మొదటిది నిజం. రెండోది సగం నిజం. మూడోది అబద్ధం. ఆ మూడో మాట ఎందుకు అబద్ధమో చెప్పడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. అందుకోసం జీవకణంలో ప్రోటీన్లు ఎలా మడతపడతాయో, ఆ మడత ఎలా చెడుతుందో తెలుసుకోవాలి. ఈ విషయం మీద ముఖ్యమైన పరిశోధన ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే జరిగింది. కానీ అది ఇంగ్లీషు జర్నళ్లలోనే ఉండిపోయింది, మన గేరిల దాకా రాలేదు.

ఉడికిన గుడ్డు చెప్పే పాఠం

పచ్చి కోడిగుడ్డు పగలగొడితే తెల్లసొన నిజానికి తెల్లగా ఉండదు. నీళ్లలా ఉంటుంది, దాని గుండా అవతలి వస్తువు కనబడుతుంది. పెనం మీద వేస్తే నిమిషంలో తెల్లబడి గట్టిపడుతుంది. కొత్తగా ఏ రంగూ కలపలేదు. ఉన్న ప్రోటీన్లే వేడికి మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. ఆ ముద్ద వెలుతురును నేరుగా పోనివ్వకుండా చెదరగొడుతుంది. అందుకే తెల్లగా కనబడుతుంది.

కంటి శుక్లం కూడా అలాంటిదే. కంటిపాప వెనకాల ఉండే లెన్స్‌లోని ప్రోటీన్లు ఆకారం చెడి, ఒకదానికొకటి అంటుకుని, వెలుతురుకు అడ్డం పడడమే శుక్లం. గుడ్డుకు నిమిషం పడితే కంటికి నలభై, యాభై ఏళ్లు పడుతుంది. పొర బయటి నుంచి వచ్చి కమ్మదు. లోపలున్న మన ప్రోటీనే పొరవుతుంది.

ప్రోటీన్‌కు మడత ఎందుకు?

ప్రోటీన్ అంటే పప్పులో, గుడ్డులో ఉండే బలం అని మనకు తెలుసు. శరీరంలో అది చేసే పనులు అంతకంటే చాలా ఎక్కువ. రక్తంలో ప్రాణవాయువును మోసేది, తిన్నది అరిగించేది, కండను కదిలించేది ప్రోటీన్లే. అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలు 20 రకాలు. వాటిని పూసల్లా వరసగా గుచ్చితే వచ్చే దండే ప్రోటీన్. ఏ పూస తర్వాత ఏ పూస రావాలో జన్యువులో రాసి ఉంటుంది.

దండ తయారైనంత మాత్రాన పని మొదలవదు. నులకతాడు చుట్టలా పడి ఉంటే దానిమీద ఎవరూ పడుకోలేరు. పట్టెల మధ్య సరైన వరసలో అల్లితేనే మంచమవుతుంది. ప్రోటీన్ దండ కూడా తన మీద తాను సరిగ్గా మడతపడి ఒక ఆకారానికి వస్తేనే పనికొస్తుంది. నీళ్లంటే గిట్టని పూసలు లోపలికి దాక్కుంటాయి, నీళ్లతో కలిసేవి బయటికి వస్తాయి. ఈ మడత చాలా ప్రోటీన్లలో సెకనులో చిన్న భాగంలోనే పూర్తవుతుంది.

ఆ ఆకారం ఎలా ఉండాలో ఎవరు చెబుతారు? అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ దీన్ని పరీక్షించాడు. ఆవు క్లోమం నుంచి తీసిన రైబోన్యూక్లియేజ్ అనే ప్రోటీన్‌ను యూరియా ద్రావణంలో వేసి, దాని ముళ్లు విప్పే రసాయనం కూడా కలిపాడు. మడతలన్నీ విడిపోయాయి, ప్రోటీన్ పని ఆగిపోయింది. తర్వాత యూరియాను, ఆ రసాయనాన్ని తీసేస్తే ప్రోటీన్ తనంతట తానే మళ్లీ పాత ఆకారానికి వచ్చింది, పని మొదలుపెట్టింది. ఆకారానికి కావలసిన సమాచారమంతా పూసల వరసలోనే ఉందని దీంతో తేలింది. ఈ పనికి ఆయనకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ యూరియా అనే మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

గాజు గొట్టంలో ఒకే రకం ప్రోటీన్ ఉంటుంది కాబట్టి అక్కడ పని సులువు. జీవకణం మాత్రం జాతరలా కిక్కిరిసి ఉంటుంది. మడత పూర్తికాని దండ పక్కదాన్ని అంటుకుంటే రెండూ పాడవుతాయి. జాతరలో పిల్లలు తప్పిపోకుండా అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, కణంలో కొన్ని ప్రోటీన్లు వేరే ప్రోటీన్లను కాపాడుతూ ఉంటాయి. వీటిని చాపరోన్లు అంటారు. మనం తోడు ప్రోటీన్లు అనుకుందాం.

వీటి సంగతి వేడి వల్లే మొదట బయటపడింది. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా పండ్ల ఈగల మీద పని చేస్తున్నాడు. ల్యాబ్‌లో ఎవరో పొరపాటున ఈగల కణాలున్న పెట్టె వేడి పెంచేశారు. ఆ కణాల క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బి కనబడ్డాయి. వేడి తగలగానే కణం కొన్ని జన్యువులను హడావుడిగా పనిలోకి దింపుతోందని అర్థమైంది. ఆ జన్యువులు తయారుచేసేవాటికే తర్వాత హీట్ షాక్ ప్రోటీన్లని పేరొచ్చింది. వాటిలో చాలావరకు ఈ తోడు ప్రోటీన్లే. వడదెబ్బకు ప్రభుత్వం హెచ్చరిక జారీ చేయకముందే కణం తన ఏర్పాటు తాను చేసుకుంటుందన్నమాట.

పుట్టినప్పటి ప్రోటీనే చచ్చేదాకా

చర్మం కణాలు రాలి కొత్తవి వస్తాయి. రక్తకణాలు నాలుగు నెలలకోసారి మారిపోతాయి. పాడైన ప్రోటీన్‌ను పారేసి కొత్తది చేసుకునే వీలు శరీరంలో దాదాపు అన్నిచోట్లా ఉంది. కంటి లెన్స్ నడిభాగానికి ఆ వీలు లేదు. వెలుతురుకు అడ్డం రాకూడదని లెన్స్ కణాలు ఎదిగే క్రమంలో తమ కేంద్రకాన్నే వదిలేసుకుంటాయి. కేంద్రకం లేకపోతే జన్యువు లేదు, జన్యువు లేకపోతే కొత్త ప్రోటీన్ లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైన ప్రోటీన్లే చివరిదాకా లెన్స్ నడిమధ్యన ఉండిపోతాయి.

2008లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని ఒక చిత్రమైన పద్ధతిలో రుజువు చేశారు. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. చనిపోయినవాళ్ల లెన్స్ నడిమి ప్రోటీన్లలో ఆ కార్బన్‌ను కొలిస్తే వాళ్లు పుట్టిన కాలం తెలిసిపోయింది. అంటే అరవై ఏళ్ల మనిషి లెన్స్‌లో అరవై ఏళ్ల నాటి ప్రోటీనే ఉంది.

లెన్స్ బరువులో సుమారు మూడోవంతు ప్రోటీనే. శరీరంలో మరెక్కడా ఇంత చిక్కగా ఉండదు. వీటిలో చాలావరకు క్రిస్టలిన్లనే రకానివి. ఆల్ఫా, బీటా, గామా అని మూడు తెగలు. అంత చిక్కగా ఉన్నా లెన్స్ అద్దంలా ఉండడానికి కారణం అవి సరిగ్గా మడతపడి, ఒకదానికొకటి అంటుకోకుండా సర్దుకుని ఉండడమే. జీవితాంతం మార్చలేని ప్రోటీన్‌ను ముద్దకాకుండా ఇన్నేళ్లు కాపాడుతున్నది ఎవరు?

హైదరాబాద్ ల్యాబ్‌లో దొరికిన ఆధారం

1992లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హార్విట్జ్ దానికి జవాబు చెప్పాడు. ఆల్ఫా క్రిస్టలిన్ లెన్స్‌ను నింపే ఇటుక మాత్రమే కాదు, అది తోడు ప్రోటీన్ కూడా. పక్కనున్న బీటా, గామా క్రిస్టలిన్ల మడత సడలితే వాటిని పట్టుకుని ముద్దకట్టకుండా ఆపుతుంది. ఈగల్లో దొరికిన చిన్న హీట్ షాక్ ప్రోటీన్లకు, మన కంట్లోని ఆల్ఫా క్రిస్టలిన్‌కు చుట్టరికముందని 1982లోనే పూసల వరస పోల్చి కనిపెట్టారు.

హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో చింతలగిరి మోహనరావు బృందం 1990ల నుంచి ఈ ప్రోటీన్ మీదే పని చేసింది. 2009లో ఆయన ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. వాళ్లు అడిగిన ప్రశ్న ఇది: వేడి మారితే ఈ తోడు ప్రోటీన్ బలం మారుతుందా? మామూలు గది వేడిలో అది పెద్దగా సాయం చేయలేదు. 30 డిగ్రీలు దాటాక మాత్రం సాయం చేసే శక్తి గట్టిగా పెరిగింది. వేడికి ఆల్ఫా క్రిస్టలిన్ తన అమరికను కొంచెం వదులు చేసుకుని, లోపల దాచుకున్న నీళ్లంటే గిట్టని భాగాలను బయటపెడుతుంది. మడత సడలిన పక్క ప్రోటీన్‌ను వాటితోనే పట్టుకుంటుంది. ప్రమాదం పెరిగే కొద్దీ చెయ్యి చాచే ప్రోటీన్ అది.

ఆ బృందమే మరో పరీక్ష కూడా చేసింది. మనిషి ఆల్ఫా-ఏ క్రిస్టలిన్‌లో 173 అమైనో ఆమ్లాలుంటాయి. అమెరికాలో ఒక కుటుంబంలో పుట్టుకతోనే శుక్లాలు వస్తున్నాయి. 116వ స్థానంలో ఒక్క పూస మారడమే అందుకు కారణమని 1998లో తెలిసింది. సీసీఎంబీ బృందం ఆ మార్పుతో ప్రోటీన్‌ను ల్యాబ్‌లో తయారుచేసి చూసింది. దాని ఆకారం దెబ్బతింది, తోడుగా నిలిచే శక్తి బాగా పడిపోయింది. తోడు ప్రోటీన్ కూలిపోతే లెన్స్ కూలిపోతుందనడానికి ఇది గట్టి ఆధారం.

అయితే ఈ తోడు ప్రోటీన్ నిల్వ అంతులేనిది కాదు. పట్టుకున్నదాన్ని అది వదలదు, వదిలి మరోదాన్ని పట్టుకోదు. లెన్స్ నడిభాగంలో కొత్తది తయారవదు. నలభై ఏళ్లు దాటేసరికి అక్కడ నీళ్లలో కరిగి ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు మిగలదని కొలతలు చెబుతున్నాయి. ఆ తర్వాత వచ్చే దెబ్బలను కాచుకునేవాళ్లు లేరు. పుట్టినప్పుడు ప్రతి కంటికీ ఒక కుండ నీళ్లు ఇచ్చి, జీవితమంతా దాంతోనే గడుపుకోమన్నట్టు ఉంటుంది ఇది. నీడలో కూర్చున్నవాడి కుండ నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఎండలో నిలబడ్డవాడి కుండ తొందరగా ఖాళీ అవుతుంది.

కుండను ఖాళీ చేసేవి ఏవి?

మొదటిది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు లెన్స్ ప్రోటీన్ల పూసలను దెబ్బతీస్తాయి. అమెరికాలోని మేరీలాండ్ తీరంలో పడవల మీద పనిచేసే 838 మందిని పరీక్షించి 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవితంలో పడ్డ ఆ కిరణాల మోతాదు రెట్టింపయితే ఒక రకం శుక్లం వచ్చే ప్రమాదం 1.6 రెట్లయింది. అంచున్న టోపీ, కళ్లద్దాలు పెట్టుకుంటే కంటిలోకి పోయే మోతాదు బాగా తగ్గుతుందని కూడా అదే బృందం చెప్పింది. వాళ్లది నీళ్ల మీద మెరుపు. మనది బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో రాతిమీద మెరుపు, కోత కోసిన శనగ చేలల్లో నేల మీద మెరుపు.

రెండోది పొగ. కట్టెలు, పిడకలతో వంటచేసే ఇళ్లలో శుక్లాలు ఎక్కువని మన దేశంలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఎక్కువని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. పొగలోని పదార్థాలు రక్తం ద్వారా కంటికి చేరి ప్రోటీన్లకు తుప్పు పట్టిస్తాయి.

మూడోది దాహం. ఇక్కడే యూరియా మళ్లీ వస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోతే మూత్రం ద్వారా పోవాల్సిన యూరియా రక్తంలో పెరుగుతుంది. అందులో కొంత సయనేట్ అనే పదార్థంగా మారుతుంది. అది లెన్స్ ప్రోటీన్లకు అతుక్కుని వాటి మడతను సడలిస్తుంది. 1984లో రాయపూర్ ప్రాంతంలో చేసిన అధ్యయనం వడదెబ్బ, తీవ్రమైన విరేచనాలతో ప్రాణం మీదికొచ్చి బతికినవాళ్లలో శుక్లాలు చాలా ఎక్కువని చెప్పింది. తర్వాత వేరేచోట్ల జరిగిన అధ్యయనాలన్నిట్లో అదే ఫలితం రాలేదు. కాబట్టి దీన్ని తేలిపోయిన విషయంగా మేము చెప్పడం లేదు. గాజు గొట్టంలో మాత్రం సయనేట్ చేసే పని స్పష్టంగా కనబడింది. ఎండాకాలంలో బిందెడు నీళ్ల కోసం మైలు నడిచే సీమలో ఈ ప్రశ్నను పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదని మాత్రం అంటున్నాం.

నాలుగోది చక్కెర జబ్బు. రక్తంలో చక్కెర పెరిగితే అది లెన్స్ ప్రోటీన్లకూ అతుక్కుంటుంది. చక్కెర జబ్బున్నవాళ్లకు శుక్లాలు ముందే వస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం 2005లో చక్కెర జబ్బున్న ఎలుకలకు ఆహారంలో కొద్దిగా పసుపు కలిపి పెడితే శుక్లం ఆలస్యమైందని చూపించింది. అది ఎలుకల్లో, తినే ఆహారంలో. దయచేసి ఎవరూ కంట్లో పసుపు వేసుకోవద్దు.

మరి కులం ఎక్కడుంది?

ప్రోటీన్‌లో కులం లేదు. అగ్రహారంలో పుట్టినా మాదిగ గేరిలో పుట్టినా ఆల్ఫా-ఏ క్రిస్టలిన్‌లో 173 పూసలే, అదే వరస. పుట్టుకతో ఎక్కువ తక్కువలున్నాయని చెప్పేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

కానీ ఆ ప్రోటీన్ మీద పడే దెబ్బల్లో కులం ఉంది. ఎవరు ఏ పని చేయాలో పుట్టుకతోనే తేల్చేసే వ్యవస్థ కులమని అంబేద్కర్ 1936లోనే వివరించారు. ఆ వ్యవస్థ మన జిల్లాల్లో ఎలా ఉందో చూడండి. దళిత శ్రామికుల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మిట్టమధ్యాహ్నం పత్తి ఏరేది, ఉల్లి కోసేది, నాపరాయి పగలగొట్టేది ఎవరు? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు వలసపోయి, చేను గట్టున కట్టెల పొయ్యి మీద వండుకునేది ఎవరు? ఊరి మంచినీళ్ల ట్యాంకు నుంచి చివరి కుళాయి ఎవరి గేరిలో ఉంటుంది? ఎండ, పొగ, దాహం మూడూ ఒకే గడపకు ఎందుకు చేరుతున్నాయో ఈ ప్రశ్నలే చెబుతాయి.

1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. అందులో తుంగభద్రకు అవతల ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. రాష్ట్ర జనాభాలో 1.84 శాతం మందికి చూపు లేదని లెక్క తేలింది. అందులో 44 శాతం శుక్లాల వల్లే. పేదల్లో, పల్లెల్లో, ఆడవాళ్లలో చూపు పోవడం ఎక్కువ. 2015-19 జాతీయ సర్వేలో కూడా యాభై దాటినవాళ్ల అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లమే. నయం చేయగలిగిన జబ్బుతో ఇంతమంది చీకట్లో ఉన్నారంటే, లోపం వాళ్ల తలరాతలో లేదు.

చట్టం చూపులో కూడా తేడా ఉంది. బట్టీల ముందు పనిచేసేవాళ్లకు వేడి కిరణాల వల్ల వచ్చే శుక్లం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో చేరింది. అంటే పనివల్ల కన్ను పాడవుతుందని, అందుకు యజమాని బాధ్యత వహించాలని చట్టం ఒప్పుకుంది. కొలిమి వేడికి ఉన్న ఆ గుర్తింపు సూర్యుడి కింద నలభై ఏళ్లు వంగి పనిచేసిన కూలిమనిషికి లేదు. ఆమెకు యజమాని ఒక్కడు కాదు, రోజుకొకడు. నష్టపరిహారం ఎవరిని అడగాలి?

పొర తీయించుకోవడం భయపడే పని కాదు

శుక్లానికి మందు చుక్కలు లేవు. 2015లో లానోస్టెరాల్ అనే పదార్థంతో కుక్కల్లో శుక్లం తగ్గిందని ఒక పరిశోధన పెద్ద ఆశ పుట్టించింది. తర్వాత వేరే ల్యాబ్‌లు పరీక్షిస్తే ఆ ఫలితం నిలబడలేదు. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చిసొనగా మార్చడం ఎంత కష్టమో ఇదీ అంతే. కాబట్టి పొర కరిగిస్తామని చుక్కలు అమ్మేవాళ్లను నమ్మొద్దు. ఆకు పసరు, చనుబాలు కంట్లో పిండితే కంటి ముందరి నల్లగుడ్డుకు చీము పట్టి ఉన్న చూపు కూడా పోవచ్చు.

చేయగలిగింది ఆపరేషన్. మసకబారిన లెన్స్ తీసేసి దాని చోట చిన్న కృత్రిమ లెన్స్ పెడతారు. పని సాధారణంగా అరగంటలోపే అయిపోతుంది. ఒకప్పుడు ఈ లెన్సులు విదేశాల నుంచి వచ్చేవి, పేదలకు అందేవి కావు. మధురై అరవింద్ కంటి ఆస్పత్రికి చెందిన ఆరోల్యాబ్ 1992 నుంచి వాటిని ఇక్కడే చవకగా తయారుచేయడంతో పరిస్థితి మారింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఈ ఆపరేషన్ ఉచితం. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది.

మరి మన అవ్వలు ఎందుకు వెళ్లడం లేదు? ఆపరేషన్ ఉచితమే కానీ బస్సు ఛార్జీ ఉచితం కాదు. తోడు వచ్చే కొడుకు కూలి పోతుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు దుమ్ములో, పొయ్యి ముందు ఉండొద్దంటారు. ఆ వారాల తిండి ఎవరు పెడతారు? పైగా ముసలిదానికి ఇప్పుడు చూపెందుకు అనే మాట ఇంట్లోనే వినబడుతుంది. ఆ మాట ముసలాయన విషయంలో అంత తొందరగా రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పథకం 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైంది. ముందు బడిపిల్లలను పరీక్షించారు. అవ్వాతాతల విడత 2020 ఫిబ్రవరిలో మన కర్నూలులోనే ప్రారంభమైంది. కొన్ని వారాలకే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చిపడింది. పథకానికి ఏ పార్టీ ఏ పేరు పెట్టినా మాకు అభ్యంతరం లేదు. పరీక్ష చేసే మనిషి గేరి దాకా వస్తున్నారా, తీసుకెళ్లి మళ్లీ ఇంటి దగ్గర దించుతున్నారా అన్నదే మా ప్రశ్న.

ఉద్యమకారులు ఏం అడగాలి, విద్యార్థులు ఏం చదవాలి

ఈ సైన్సు నుంచి మనకు కొన్ని సూటి డిమాండ్లు వస్తాయి.

ఎండాకాలం పని వేళలు మార్చాలి. పని చోట నీడ, తాగునీళ్లు, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్‌లోనే ఉంది. ఉపాధి పని ఏ పేరుతో నడిచినా అవి తగ్గకూడదు. వాటితోపాటు అంచున్న టోపీ కూడా ఇవ్వాలి. గనుల్లో రాయి కొట్టేవాళ్లకు కిరణాలను ఆపే కళ్లద్దాలు యజమానే ఇవ్వాలి.

కంటి శిబిరం మండల కేంద్రంలో కాదు, గేరిలో, పల్లె చివర పెట్టాలి. ఆపరేషన్ చేయించుకున్న కూలిమనిషికి కోలుకునే రోజులకు కూలి ఇవ్వాలి. ఎండలో చేసే పని వల్ల వచ్చే శుక్లాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించే చర్చ మొదలుపెట్టాలి. కంటి సర్వేల లెక్కలను ఆదాయం వారీగానే కాక కులం వారీగా కూడా ప్రకటించాలి. లెక్కలో లేని బాధ బడ్జెట్‌లోకి రాదు.

సైన్సు చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. దండ వరస ఇస్తే ప్రోటీన్ ఆకారం ఎలా ఉంటుందో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవాళ్లకు 2024లో నోబెల్ వచ్చింది. ఆ ఆకారం ఆలూరు ఎండలో నలభై ఏళ్లకు ఎలా చెడుతుందో మాత్రం ఆ ప్రోగ్రాం చెప్పదు. అది చెప్పాలంటే ఆ ఎండను ఎరిగినవాళ్లు ల్యాబ్‌లోకి వెళ్లాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ముందు జీవశాస్త్రాలు చదివి, తర్వాత సైన్సుకూ సమాజానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనకు మారాడు. సైన్సు రచయిత కావాలనుకున్నాడు. 2016 జనవరి 17న అతన్ని కోల్పోయాం. ల్యాబ్ తలుపు దగ్గర మన పిల్లలను ఆపేస్తే పోయేది ఒక సీటు మాత్రమే కాదు. మన వాడ నుంచి మాత్రమే వచ్చే ప్రశ్న కూడా పోతుంది.

1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అంది. మేము దాన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వను వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి ఒక్కో కన్ను మూయించి, నీ వేళ్లు ఎన్నో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే, అది నీ రాత కాదవ్వా, నీ కంట్లోని ప్రోటీన్ నలభై ఏళ్లు ఎండతో ఒంటరిగా కొట్లాడి అలిసిపోయిందని చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, తెల్లారే బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లండి. గేరిలో ఇంకో నలుగురు అవ్వలుంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.